రాత్రి మా శాఖ పరిధిలోకి రాదు

ఈ కథకి మొదటి భాగం ఒకటుంది. అందులో అంతా ప్రేమే. విశాఖపట్నం బీచ్ రోడ్డు, సముద్రపు గాలి, పాలిపోయిన మొహంతో దిగులు కళ్లేసుకుని తిరిగే ఒక అందగాడు, అతని మాటలకి పడిపోయిన మా ఆఫీసు జూనియర్ అసిస్టెంటు చింతాడ నీలవేణి. నీతో యుగయుగాలు ఉంటానన్నాడట. ఆ మాట నిజం చేయడానికి మెడ మీద కొరికి, పిల్లని కూడా తనలాగే రక్తపిశాచిని చేశాడు. నెల తిరక్కుండా బెంగళూరులో ఏదో మంచి అవకాశం వచ్చిందని చెక్కేశాడు. అక్కడితో మొదటి భాగం సమాప్తం. ప్రేమ ముచ్చట్లు కావలసినవాళ్లు అది చూసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. రెండో భాగం నా టేబుల్ మీదకి వచ్చి పడింది కాబట్టి నేనే చెప్పాలి.

ఇలాంటి కథలు రాసేవాళ్లు కోరలు మొలవడం దగ్గర ఆగిపోయి మురిసిపోతారు. కోరలు మొలిచిన పిల్లకి ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాలేదన్న సంగతి ఒక్కడికీ పట్టదు.

నా పేరు కోరాడ కూర్మనాథం. మహానగర వీధిదీపాల మండలిలో ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంటుని. ఈ ఆఫీసులో ఎవరు ఉన్నారో ఎవరు లేరో తేల్చేది నేను. మనిషి నా ఎదురుగా నిలబడి దగ్గుతున్నా సరే, నేను లేడంటే లేనట్టే.

మా మండలి సంగతి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు మా దీపాలు కూడా అందరి దీపాల్లాగే రాత్రిళ్లు వెలిగేవి. తర్వాత ఒక నిబంధన వచ్చింది. ప్రతి వీధిదీపమూ వెలుగుతున్నట్టు బాధ్యత గల అధికారి తన కళ్లతో చూసి ధృవీకరించాలి. బంగారంలాంటి నిబంధన. అధికారుల పనివేళలు పది నుంచి అయిదు. కాబట్టి దీపాలు కూడా పది నుంచి అయిదు దాకా వెలిగించడం మొదలుపెట్టాం. అయిదు దాటాక వెలిగే దీపాన్ని చూసే అధికారి ఉండడు. ఎవరూ ధృవీకరించని వెలుతురు వృథా కిందికి వస్తుంది. అందుకని అయిదింటికి ఊరంతా ఆర్పేస్తాం, మా ఆఫీసుతో సహా. మిట్టమధ్యాహ్నం ఎండలో దీపం వెలుగుతోందో లేదో కనపడదని కొందరు పేచీ పెట్టారు. దానికి నల్ల గొడుగులు కొన్నాం. ఒకడు నిచ్చెనెక్కి దీపం మీద గొడుగు పడితే, అధికారి కింద నిలబడి చూసి సంతకం పెడతాడు. అప్పట్నుంచి ఏటా నూటికి నూరు శాతం ధృవీకరణ. షీల్డులు పెట్టడానికి గోడలు చాలక చీఫ్ ఇంజనీరు గారి గదిలో కింద పేరుస్తున్నాం.

జనానికి రాత్రిళ్లు ఇబ్బంది కాదా అంటారు. ఇబ్బంది ఉన్నవాళ్లు ఆఫీసుకి వచ్చి చెప్పుకోవాలి. వాళ్లు పగలు వస్తారు. పగలు వెళ్లి చూస్తే వాళ్ల వీధిలో దీపం వెలుగుతూనే ఉంటుంది.

నీలవేణి తండ్రి లక్ష్మయ్య మా లైన్‌మన్. కంచరపాలెం కొండవాలులో మెట్లవీధి అని ఉంది, అక్కడే వాళ్ల ఇల్లు. ఒక వానాకాలం రాత్రి ఎవరో నిండు చూలాలు ఆ మెట్ల మీద జారిపడిందని జనం వచ్చి తలుపు కొడితే, లక్ష్మయ్య లేచి వెళ్లి స్తంభం ఎక్కాడు. దీపం వెలిగింది. ఆయన కింద పడ్డాడు. ఆ పిల్ల కాన్పయి తల్లీబిడ్డా బాగానే ఉన్నారు, లక్ష్మయ్య లేవలేదు. మా రికార్డులో ఏం రాశారంటే, "పనివేళలు కాని సమయమున, ఉత్తర్వు లేకుండా స్తంభమెక్కి మరణించినాడు" అని. రాత్రి అనేదే మాకు లేనప్పుడు ఇంకెలా రాస్తారు? కానీ ఆ ముక్క పట్టుకుని ఎదురింటావిడ, రాగితీగ కొయ్యడానికి ఎక్కుంటాడని వీధంతా చాటింది. లక్ష్మయ్య భార్య అప్పలనరసమ్మ అప్పట్నుంచి కుళాయి దగ్గర కూడా తలెత్తేది కాదు.

కారుణ్య నియామకం కింద కూతురికి ఉద్యోగం ఇచ్చాం. చేరిన రోజే ఆ పిల్ల నన్ను అడిగింది.

"సార్, మా నాన్న డ్యూటీలో పోయాడని రాయించాలంటే ఏం చెయ్యాలి?"

"ముందు నీ ప్రొబేషన్ కానీ తల్లీ. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు ఏమీ అడగకూడదు" అన్నాను. ఆ ఒక్క మాట కోసమే ఆ పిల్ల ఈ ఉద్యోగం పట్టుకుని వేలాడుతోందని నాకు అప్పుడే తెలిసింది.

అలాంటి పిల్ల ఉన్నట్టుండి రావడం మానేసింది. ఒకరోజు తల్లి వచ్చింది.

"బాబూ, మా పాప పగటేల రానేదు. ఎండ తగిల్తే ఒళ్లంతా పొగలొచ్చెస్తంది."

"జ్వరమా?"

"జొరం కాదు. ఒళ్లు ఐసుముక్కలాగ సల్లగున్నాది. ఎవుడో కొరికీసినాడు బాబూ."

"కుక్కా?"

"కుక్కయితే ఇంజీషన్ సేయించీదాన్ని గదా. మనిసి."

సెలవు నిబంధనలన్నీ తిరగేశాను. కుక్క కరిస్తే సెలవుంది. కోతికి ఉంది, పాముకి జీతంతో ఉంది. మనిషి కరిస్తే లేదు. అదే చెప్పి పంపించాను.

ఆ మర్నాడు ఆఫీసు మూసే వేళ నీలవేణే వచ్చింది. డిసెంబరు నెల, మబ్బులు కమ్మి ఎండ పొడ అప్పటికే పోయింది. వరండాలో నా గది గడప అవతల నిలబడిపోయింది. మనిషి ఇంకా అందంగా తయారయింది, కాకపోతే మొహంలో రక్తం చుక్క లేదు.

"అక్కడే ఆగిపోయావేం?"

"పిలిస్తే గానీ గడప దాటలేను సార్. ఇప్పుడు నాకదొక రూలు."

ఆ మాట నాకు తెగ నచ్చింది. "పిలవడం మా ఆఫీసులో ఆనవాయితీ లేదమ్మా. వచ్చినవాళ్లని బయట కూర్చోమంటాం, అంతే. కూర్చో" అని బెంచీ చూపించి, నేనే కుర్చీ గడప దగ్గరికి జరుపుకున్నాను.

"భోజనం సంగతేంటి?" అని అడిగాను. పెద్దవాణ్ణి, అడగాలి కదా.

"మటన్ కొట్టు దగ్గర రక్తం తెచ్చుకుంటున్నా సార్. మనుషుల జోలికి పోలేదు, పోను కూడా. పచ్చిగా తాగుతానంటే అమ్మ ఊరుకోదు, ఉల్లిపాయలేసి వేపుతుంది. వెల్లుల్లి వెయ్యొద్దంటే అదేం కూరని రోజూ గొడవ." అసలు సంగతికి వస్తూ, "సార్, నాకు నైట్ డ్యూటీ ఇప్పించండి" అంది. "చీకట్లో శుభ్రంగా కనపడుతుంది. నిచ్చెన లేకుండా స్తంభం ఎక్కుతాను. మొన్న కరెంటు తీగ పట్టుకున్నా, ఏమీ కాలేదు. మన శాఖకి నాకన్నా పనికొచ్చేవాళ్లు దొరకరు సార్."

నిజమే అనిపించింది. నిజం అనిపించినవి పైకి పంపడం మాకు రివాజు. మర్నాడు ఆమె కోరికని కాగితం మీద పెట్టి చీఫ్ ఇంజనీరు తాండ్ర విశ్వనాథం గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రిటైర్‌మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో భార్యని కూడా కాఫీ మంజూరు చేయవలసిందిగా కోరతాడని చెప్పుకుంటారు.

"కూర్మనాథం గారూ, రాత్రి అనునది మన శాఖ పరిధిలోకి రాదు. అది ఏ శాఖ పరిధిలోనిదో విచారించితిరా?"

"విచారించాం సార్. నేరాల మేరకే మాది అని పోలీసు వారు రాశారు. చలి మేరకే మాది అని వాతావరణం వారు రాశారు."

"అనగా మిగిలిన రాత్రి ఎవరికీ చెందదు. చెందని కాలమందు ఉద్యోగినిని నియమించుట ఎట్లు? అదియునుగాక ఆమె జీవించి ఉన్నదా?"

"నాడి లేదట సార్."

"నాడి లేకపోవుట ఆక్షేపణీయము కాదు. ఈ కార్యాలయమున చాలామంది అట్లే ఉన్నారు. హాజరు లేకపోవుట ఆక్షేపణీయము."

అంతటితో ఆ కాగితం అటకెక్కింది. ఇంతలో కొత్త గొడవ వచ్చి పడింది. మెట్లవీధిలో రాత్రిళ్లు దీపాలు వెలగడం మొదలైంది. మొదట లక్ష్మయ్య పడిపోయిన స్తంభం, తర్వాత వీధంతా, తర్వాత పక్క వీధులు. చేపల గంపలతో తెల్లారకుండా హార్బరుకి పోయే ఆడవాళ్లు, రెండో షిఫ్టు దిగి వచ్చే ఫ్యాక్టరీ వాళ్లు మెట్ల మీద నిమ్మళంగా నడిచి వెళ్తున్నారట. ఎవరో ఒకమ్మాయి బల్లిలాగ స్తంభం పాకి బల్బు మారుస్తోందని కూడా చెప్పుకుంటున్నారు. వాళ్లకేం, దీపం వెలిగితే చాలు, శాఖ పరువు ఏమైనా పర్లేదు.

ఆ వారమే ఢిల్లీ నుంచి అవార్డు కమిటీ వస్తోంది. విశ్వనాథం గారు లెక్క వేసి చూసుకుని కుర్చీలో కూలబడ్డారు.

"అర్థమగుచున్నదా? రాత్రి వెలిగినవి కూడా వెలిగినట్లే కదా. వాటిని ఎవరూ ధృవీకరించలేదు. కావున మన నూరు శాతము ఇక నూరు శాతము కాదు. వెలుతురు పెరిగిన కొలదీ మన పని తగ్గుచున్నది."

వెంటనే రెండు ఉత్తర్వులు వచ్చాయి. చీకటి సమయమున అనధికారముగా దీపములు వెలిగించిన నేరానికి నీలవేణి మీద చార్జి మెమో ఒకటి. కమిటీ వచ్చే రోజు ఉదయం పదింటికి సిబ్బంది అందరూ ఆవరణలో ఎండలో బారులు తీరి నిలబడాలి, రానివాళ్లు ఉద్యోగం వదులుకున్నట్టే అని రెండోది.

"సార్, ఆ పిల్ల ఎండలోకి వస్తే బూడిదైపోతుందట" అన్నాను.

"హాజరు వేయించుకొనిన పిమ్మట బూడిదగుట ఆమె వ్యక్తిగత విషయము."

ఆ మాట నాకు మింగుడు పడలేదు. అయినా మొహం మీద కనపడనివ్వలేదు, నా సర్వీసు అలాంటిది. "సార్, చార్జి మెమో ఇచ్చాక ఆమె వాదన స్వయంగా వినకుండా తీసేస్తే కోర్టులో నిలవదు" అని మాత్రం అన్నాను. కోర్టు పేరెత్తితే ఆయన కుదుటపడతారు. కమిటీ వచ్చే ముందురోజు సాయంత్రం అయిదింటికి తన గదిలో విచారణ పెట్టారు.

విచారణ గదిలోకి సెల్‌ఫోన్లు నిషేధం. అన్నీ కింద గేటు దగ్గర పెట్టించేశారు. అయిదయింది. మా నిబంధన ప్రకారం బిల్డింగులో కరెంటు పోయింది. పొద్దు వాలితే గానీ నిందితురాలు రాలేదు, నిందితురాలు రాకుండా విచారణాధికారి లేవకూడదు. విశ్వనాథం గారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. కాసేపటికి మొహాలు కూడా కనపడటం మానేశాయి. అన్నేళ్ల సర్వీసులో మా ఆఫీసుని చీకట్లో చూడటం మా ఇద్దరికీ అదే మొదలు.

గడప దగ్గర ఆమె గొంతు వినపడింది. "వచ్చాను సార్. పిలిస్తే లోపలికొస్తాను."

"ప్రవేశించవలసిందిగా ఆదేశించడమైనది."

"ఆదేశిస్తే కాదు సార్. పిలవాలి."

"నేనెవరినీ పిలువను. నన్ను చూడవచ్చినవారు వేచి ఉందురు. అక్కడనే నిలువుము. కూర్మనాథం గారూ, అభియోగము చదవండి."

"కనపడట్లేదు సార్."

"నేను చదవనా సార్, నాకు కనపడుతోంది" అని నీలవేణి గడప అవతల్నుంచే నా చేతిలో కాగితం చూసి తన మీద నేరారోపణ తానే చదివింది. మంచి ఉచ్చారణ.

"రాత్రియందు దీపములు వెలిగించితివా?"

"వెలిగించాను సార్."

"కారణము?"

"చీకటిగా ఉంది కదండి."

"ఇది బాధ్యతారహితమైన సమాధానముగా నమోదు చేయడమైనది."

"మా నాన్న కూడా అందుకే ఎక్కాడు సార్. దొంగతనానికి కాదు. ఆ ఒక్క ముక్క మార్చండి, ఉద్యోగం తీసేసినా ఊరుకుంటాను."

"రేపు పది గంటలకు ఎండలో కనబడని యెడల తొలగింపు. విచారణ ముగిసినది" అని విశ్వనాథం గారు లేచారు. ఆ గదిలో ఆయన ఎన్నో ఏళ్లు కూర్చున్నారు గానీ వెలుతురు లేకుండా ఎప్పుడూ నడవలేదు. రెండడుగులు వేశారో లేదో షీల్డుల గుట్ట తన్నుకుని దబ్బున పడ్డారు. ఇత్తడి పలకలు గలగలమని దొర్లాయి. ఆ తర్వాత మూలుగు. నేను చేతులు చాపుకుని వెతుకుతున్నాను, టేబుల్ తగులుతోంది, బీరువా తగులుతోంది, ఆయన తగలట్లేదు.

"సార్, మెడ మీద తెగింది" అంది నీలవేణి గడప దగ్గర్నుంచి. "చాలా పోతోంది. వాసన తెలుస్తోంది నాకు. నన్ను పిలవండి సార్, తొందరగా పిలవండి."

"రా అమ్మా, నేను పిలుస్తున్నాను" అన్నాను.

"గది ఆయనది సార్, ఆయనే పిలవాలి."

"దరఖాస్తు పెట్టుకొనుము..." అని కింద నుంచి సన్నగా వినపడింది. తర్వాత, ఎప్పుడూ ఎవరితోనూ అనని మాట ఆయన నోటి నుంచి మామూలు తెలుగులో వచ్చింది. "రా తల్లీ. లోపలికి రా."

గాలి విసిరినట్టు ఆ పిల్ల నన్ను దాటి వెళ్లింది. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. అయిదు దాటింది కాబట్టి శాఖాపరంగా ఏమీ జరగలేదు కూడా. కొంతసేపటికి మూలుగు ఆగింది.

"ప్రాణం పోకుండా ఆపడానికి నాకు తెలిసింది ఇదొక్కటే సార్" అంది నీలవేణి, మూతి తుడుచుకుంటూ కాబోలు. "అమ్మ చేసే వేపుడే నయం."

మర్నాడు పదింటికి కమిటీ వచ్చింది, మేమంతా ఎండలో బారులు తీరాం, చీఫ్ ఇంజనీరు గారు రాలేదు. ఇంట్లో కిటికీ తెర జరిపితే చెయ్యి పొగలొచ్చిందట. పెద్దాయన లేకుండా బారు లెక్కలోకి రాదని మేమే రద్దు చేసుకున్నాం. పొద్దు గుంకాక ఆయన శాలువా కప్పుకుని వచ్చారు. కుర్చీలో కూర్చుంటూనే ఉత్తర్వు చెప్పి రాయించారు. "లోతైన అధ్యయనము దరిమిలా, రాత్రి అనునది ఇందుమూలముగా ఈ శాఖ పరిధిలోకి తీసుకొనడమైనది. కార్యాలయ వేళలు పొద్దు గుంకినది మొదలు పొద్దు పొడుచు వరకు. దీపములు కూడా తదనుగుణముగా వెలుగవలెను."

అప్పటిదాకా కాచుక్కూర్చున్న కమిటీ వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. దేశంలోనే మొదటిసారిగా వీధిదీపాలను రాత్రిపూట వెలిగించే వినూత్న ప్రయోగం అంటూ, పాత షీల్డు కన్నా పెద్ద షీల్డు ఇచ్చి వెళ్లారు. నల్ల గొడుగులు స్టోర్స్‌లో పడేశాం. ఇంకో చిన్న చిక్కు కూడా తేలింది. ఆయన వయసు ఇక పెరగదు కాబట్టి రిటైర్‌మెంటు వయసు ఎప్పటికీ రాదని పైనుంచి తేల్చి రాశారు. ఆ కుర్చీ మీద ఆశ పెట్టుకున్న సూపరింటెండింగ్ ఇంజనీరు నా గదిలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కొత్త వేళల ప్రకారం చూస్తే మొత్తం ఆఫీసులో హాజరు సక్రమంగా ఉన్నది నీలవేణి ఒక్కర్తికే. చార్జి మెమో ఇక చెల్లదని తేల్చి, నేనే ప్రొబేషన్ పూర్తయినట్టు రాశాను. సంతకం అయిన సాయంత్రమే ఆ పిల్ల చీఫ్ ఇంజనీరు గారి గదిలోకి నడిచింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు. ఒకసారి పిలిస్తే చాలట వాళ్లకి, మళ్లీ పిలవక్కర్లేదు.

"రాత్రి మన పరిధిలోకి వచ్చింది కదా సార్. మా నాన్న డ్యూటీలోనే పోయాడని రాయండి."

"ఉత్తర్వులు గడిచిన కాలమునకు వర్తించవు. బయట వేచి ఉండుము."

"ఉంటాను సార్" అంది నీలవేణి, ఏ కోపమూ లేకుండా. "రేపు సాయంత్రం వస్తాను. ఎల్లుండి వస్తాను. మీరు రిటైరవ్వరు. నేను పోను. నాకేం తొందర లేదు."

ఆయన నావైపు తిరిగారు. ఆ మొహం ముందే తెల్లగా ఉంది, ఇంకా పాలిపోయింది. "కూర్మనాథం గారూ, ఈమె ఎంతకాలము వచ్చును?"

"మామూలుగా అయితే అర్జీదారు విసిగిపోయేదాకానో, చచ్చిపోయేదాకానో అండి."

"మరి ఈమె?"

"ఆ రెండోది అయిపోయింది కదండీ."

జీవితమంతా ఆయన అర్జీలని పరిష్కరించిన పద్ధతి ఒక్కటే, ఊరికే కూర్చోవడం. ఆ పద్ధతి తన కళ్ల ముందే పనికిరాకుండా పోయింది. చివరికి చెయ్యి చాపి పెన్ను అడిగారు.

ఆ కాగితం నేనే తీసుకుని మెట్లవీధికి వెళ్లాను. దీపాలు వెలుగుతున్నాయి. లక్ష్మయ్య ఎక్కిన స్తంభం కింద అప్పలనరసమ్మ కత్తిపీట ముందేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. నన్ను చూసి లేచి, "రండి బాబూ, లోపలికి రండి" అని పిలిచింది. ఎంతకాలమైందో నన్ను ఎవరైనా అలా పిలిచి.

లోపలికి వెళ్లకుండా దీపం కిందే నిలబడి చదివాను. "లైన్‌మన్ చింతాడ లక్ష్మయ్య, ప్రజల రక్షణార్థం వీధిదీపము వెలిగించుచు, విధి నిర్వహణలో మరణించినాడు."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలని అనలేదు. చెంగు సర్దుకుని, ఎదురింటి తలుపు కేసి చూసి, నాతో నెమ్మదిగా అంది.

"ఇంకోపాలి సదవండి బాబూ. ఆ ఇంటికి ఇనబడీలాగ."

గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఎదురింట్లో టీవీ ఆగింది.